వాంతుల బిళ్ళకీ సెరటోనిన్‌కీ సంబంధం ఏమిటి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓండాన్‌సెట్రాన్ అంటే మొహం తేలేస్తారు గానీ ఎమిసెట్ అనో, ఓన్డెమ్ అనో, వోమికైండ్ అనో అంటే తెలియనివాళ్ళు తక్కువ. మెడికల్ షాపు కౌంటర్ దగ్గర "వాంతుల బిళ్ళ ఇవ్వండి" అంటే ఎక్కువగా చేతికొచ్చేది ఇదే. సెరటోనిన్ అనే రసాయనం పనిని ఒకచోట అడ్డుకుని ఇది వాంతులు ఆపుతుంది. ఈ మందు గురించి జనం అడిగే ప్రశ్నలు, వాటికి నాకు తెలిసిన జవాబులు కింద ఉన్నాయి. మోతాదులు కావాలని రాయలేదు, అవి మీ డాక్టరు బరువు, వయసు, జబ్బు చూసి చెప్పాల్సినవి.

సెరటోనిన్ అంటే మనసుకు సంబంధించినది కదా, కడుపుకి దానితో పనేమిటి?

డిప్రెషన్ మందుల పుణ్యమా అని దానికి "సంతోషం కెమికల్" అని పేరు పడిపోయింది. కానీ మన ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా ఉండేది పేగుల్లో. పేగు లోపలి పొరలో అక్కడక్కడా ఉండే ఎంటెరోక్రోమాఫిన్ కణాలు ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి దీన్ని తయారుచేసి నిల్వ పెట్టుకుంటాయి. తిండి కదిలినప్పుడు, పేగు సాగినప్పుడు, ఏదైనా విషపదార్థం తగిలినప్పుడు బయటికి వదులుతాయి. కొంత రక్తంలోకి వెళ్ళి ప్లేట్‌లెట్లలో చేరుతుంది.

చరిత్ర కూడా పేగు నుంచే మొదలైంది. 1930లలో ఇటలీలో విట్టోరియో ఎర్స్‌పామర్ ఈ పేగు కణాల నుంచి ఒక పదార్థాన్ని తీసి దానికి ఎంటెరమిన్ అని పేరు పెట్టాడు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రాపోర్ట్, గ్రీన్, పేజ్ అనే ముగ్గురు రక్తనాళాలను బిగించే ఒక పదార్థాన్ని సీరం నుంచి వేరుచేసి సెరటోనిన్ అన్నారు. రెండూ ఒకటేనని 1952లో తేలింది. మెదడులో దాని పాత్ర గురించిన చర్చంతా ఆ తర్వాత ఊపందుకున్నదే. కాబట్టి కడుపుకి దానితో పనేమిటని కాదు, మనసుకి దానితో పనేమిటని ఆశ్చర్యపోవాలి, నన్నడిగితే.

సరే, వాంతి ఎలా మొదలవుతుంది?

కీమోథెరపీని ఉదాహరణగా తీసుకుంటే బాగా అర్థమవుతుంది, ఎందుకంటే ఈ మందు పుట్టిందే దానికోసం. సిస్‌ప్లాటిన్ లాంటి మందు ఎక్కించినప్పుడు అది పేగు లోపలి కణాలను దెబ్బతీస్తుంది, అవి దాచుకున్న సెరటోనిన్ ఒక్కసారిగా బయటపడుతుంది. పక్కనే, పేగుల నుంచి మెదడుకి కబుర్లు మోసే వేగస్ నరం కొనలుంటాయి. ఆ కొనల మీద 5-హెచ్‌టీ3 అనే రిసెప్టర్లు, అంటే సెరటోనిన్ వచ్చి అతుక్కునే చోట్లు, ఉంటాయి. సెరటోనిన్ వాటికి తగలగానే నరం "కడుపులో విషం పడింది" అన్నట్టు మెదడు కాండానికి కబురు పంపుతుంది. అక్కడ ఏరియా పోస్ట్రీమా అనే చిన్న భాగం ఉంది. రక్తంలోని పదార్థాలు తేలిగ్గా లోపలికి రాకుండా మెదడుకి ఉండే అడ్డుగోడ ఆ భాగానికి సరిగా ఉండదు, అందుకని రక్తంలో తిరిగే విషాలను అది నేరుగా పసిగట్టగలదు. ఈ సమాచారమంతా కలిసి నోట్లో నీళ్ళూరడం, చెమట పట్టడం, డోకు రావడం, చివరికి పొట్ట కండరాలు బిగిసి వాంతి కావడం, ఇదంతా వరసగా జరిగిపోతుంది.

సిస్‌ప్లాటిన్ తీసుకున్న రోగుల మూత్రంలో సెరటోనిన్ విరిగాక మిగిలే పదార్థం, దాన్ని 5-హెచ్‌ఐఏఏ అంటారు, వాంతులు మొదలయ్యే సమయానికే పెరగడం పరిశోధకులు చూశారు. అంటే ఇది వట్టి ఊహ కాదు.

బిళ్ళ వేసుకుంటే సెరటోనిన్ తగ్గిపోతుందా?

తగ్గదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకుంటాం చూడండి, ఓండాన్‌సెట్రాన్ చేసేది అదే. జనం (అంటే సెరటోనిన్) ఎంతమంది ఎక్కాలో అంతమందీ ఎక్కుతారు, కూర్చోవడానికి ఆ సీటు మాత్రం దొరకదు. సీటు దొరక్కపోతే వేగస్ నరం కబురు పంపదు.

సెరటోనిన్‌కి మన ఒంట్లో ఏడు కుటుంబాల్లో మొత్తం 14 రకాల రిసెప్టర్లున్నాయి. ఈ బిళ్ళ ముఖ్యంగా అడ్డుకునేది వాటిలో ఒక్క 5-హెచ్‌టీ3ని. ఆ ఒక్కటీ మిగతావాటికంటే తేడాగా పనిచేస్తుంది: సెరటోనిన్ తగలగానే తెరుచుకుని సోడియం లాంటి అయాన్లను నరంలోకి వదిలేస్తుంది, క్షణాల్లో సిగ్నల్ వెళ్ళిపోతుంది. మిగతా కుటుంబాలన్నీ కణం లోపల నిదానంగా రసాయన మార్పులు తెచ్చే రకం.

అయితే ఇది వాడితే డిప్రెషన్ వస్తుందేమోనన్న భయం అక్కర్లేదా?

అక్కర్లేదు. పేగులోని సెరటోనిన్ రక్తం ద్వారా మెదడులోకి దాటలేదు, మెదడు తనకి కావలసింది తనే చేసుకుంటుంది. పైగా ఈ మందు సెరటోనిన్ తయారీని ఆపదు, ఖాళీ చేయదు.

ఈ మందుని ఎలా కనుక్కున్నారు?

పెరినార్మ్ పేరుతో మనకి బాగా పరిచయమున్న మెటోక్లోప్రమైడ్ అనే పాత మందు ద్వారా. అది డోపమైన్ అనే ఇంకో మెదడు రసాయనాన్ని అడ్డుకుని వాంతులు ఆపుతుందని అందరూ అనుకున్నారు, మామూలు మోతాదులో నిజమే కూడా. 1980ల మొదట్లో సిస్‌ప్లాటిన్ రోగులకు చాలా పెద్ద మోతాదులో ఇచ్చి చూస్తే బాగా పనిచేసింది. డోపమైన్‌ని అంతకంటే గట్టిగా అడ్డుకునే వేరే మందులు మాత్రం అంత పనిచేయలేదు. మరి తేడా ఎక్కడుంది? పెద్ద మోతాదులో మెటోక్లోప్రమైడ్ 5-హెచ్‌టీ3ని కూడా అడ్డుకుంటోందని తేలింది. డోపమైన్ జోలికి పోకుండా ఆ ఒక్క పనే చేసే మందు ఉంటే మెడ వంకర్లు పోవడం, దవడ బిగుసుకోవడం లాంటి ఇబ్బందులు కూడా ఉండవు కదా అని వెతికారు. అలా గ్లాక్సో కంపెనీ తెచ్చిన ఓండాన్‌సెట్రాన్‌కి 1991లో అమెరికాలో అనుమతి వచ్చింది, జోఫ్రాన్ పేరుతో. తర్వాత గ్రానిసెట్రాన్, పాలోనోసెట్రాన్ వచ్చాయి.

అంతకుముందు సిస్‌ప్లాటిన్ ఎక్కించుకున్నవాళ్ళలో దాదాపు అందరికీ విపరీతంగా వాంతులయ్యేవి. ఆ బాధ తట్టుకోలేక చికిత్స మధ్యలో మానేసినవాళ్ళున్నారు. క్యాన్సర్ వైద్యంలో ట్యూమర్‌ని కరిగించిన మందులకు దక్కిన పేరు ఈ బిళ్ళకి దక్కలేదు, దక్కాల్సింది.

కీమో అయిన రోజు బాగానే ఉంటోంది, మూడో రోజు మళ్ళీ వికారం. బిళ్ళ పనిచేయడం లేదా?

మొదటి రోజు పని అది చేసింది. కీమో తర్వాత మొదటి 24 గంటల్లో వచ్చే వాంతుల్లో పెత్తనం సెరటోనిన్‌ది. ఆ తర్వాత నాలుగైదు రోజుల దాకా సాగే వికారంలో సబ్‌స్టాన్స్ పీ అనే వేరే పదార్థం ముందుకొస్తుంది, అది పట్టుకునేది ఎన్‌కే1 రిసెప్టర్‌ని. ఎమిసెట్ ఇంకో రెండు వేసుకున్నా ఆ దారి మూసుకోదు.

అందుకే డాక్టర్లు బలమైన కీమోకి ఒక్క మందుతో సరిపెట్టరు. ఎన్‌కే1ని అడ్డుకునే అప్రెపిటాంట్, దానికి తోడు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, ఒక సెట్రాన్ (ఓండాన్‌సెట్రాన్ జాతి మందు), చాలాచోట్ల రాత్రి పూట ఒలాంజపైన్. ఈ ఒలాంజపైన్ అసలు మానసిక వ్యాధులకు వాడే మందు, చీటీ మీద ఆ పేరు చూసి గూగుల్‌లో వెతికి "మా నాన్నకి పిచ్చి మందు ఎందుకు రాశారు" అని కంగారుపడినవాళ్ళని చూశాను. కంగారు వద్దు. అది డోపమైన్‌తో పాటు రెండు మూడు రకాల సెరటోనిన్ రిసెప్టర్లను కూడా అడ్డుకుంటుంది, వికారానికి అది బాగా పనికొస్తుంది. మత్తు ఎక్కువన్నది దానిమీదున్న ఫిర్యాదు. ముంబైలోని టాటా మెమోరియల్ వైద్యులు 2024లో ప్రచురించిన పరిశోధనలో 10 మిల్లీగ్రాములకు బదులు 2.5 మిల్లీగ్రాములిచ్చినా వాంతులు ఆపడంలో తేడా రాలేదు, పగటి మత్తు మాత్రం తగ్గింది.

సెట్రాన్లలో కూడా తేడా ఉంది. ఓండాన్‌సెట్రాన్ సగం ఒంట్లోంచి పోవడానికి మూడు నుంచి ఆరు గంటలు పడితే పాలోనోసెట్రాన్‌కి 40 గంటల దాకా పడుతుంది. అందుకే దాన్ని కీమోకి ముందు ఒక్క ఇంజెక్షన్‌గా ఇచ్చి వదిలేస్తారు.

తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు పిల్లలకి వాంతులు. ఎమిసెట్ వేయొచ్చా?

ఈ ప్రశ్న సెలవుల్లో ఎక్కువ. అరకు వెళ్ళేవాళ్ళు, శ్రీశైలం వెళ్ళేవాళ్ళు, అందరిదీ ఇదే. వేసినా పెద్దగా ఉపయోగం ఉండదు. మలుపుల్లో వచ్చే వికారం పేగులో పుట్టదు, లోపలి చెవిలో పుడుతుంది. కన్ను ఒకటి చెబుతుంటే చెవిలోని తూకం చూసే భాగం ఇంకోటి చెబుతుంది, ఆ గందరగోళం మెదడుకి చేరే దారిలో పనిచేసేవి హిస్టమిన్, ఎసిటైల్‌కొలిన్ అనే వేరే రసాయనాలు. సెరటోనిన్ సీటు ఎంత ఆపుకున్నా ఈ దారికి అడ్డం పడదు. అందుకని ప్రయాణానికి ప్రొమెథజైన్ ఉన్న అవోమిన్ లాంటివి ఇస్తారు, అదీ బస్సెక్కడానికి ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక కాదు. నిద్ర వస్తుంది కాబట్టి బండి నడిపేవాళ్ళు వేసుకోకూడదు. రెండేళ్ళలోపు పిల్లలకు ప్రొమెథజైన్ ఇవ్వనే కూడదు, ఊపిరి మందగించే ప్రమాదముంది.

డోమ్‌స్టాల్, పెరినార్మ్, ఎమిసెట్ అన్నీ ఒకటే కదా?

కాదు. డోమ్‌స్టాల్‌లో ఉన్న డోంపెరిడోన్ డోపమైన్‌ని అడ్డుకుంటుంది, సెరటోనిన్‌తో దానికి చెప్పుకోదగ్గ సంబంధం లేదు. పెరినార్మ్‌ది తమాషా వ్యవహారం: డోపమైన్‌ని అడ్డుకుంటుంది, 5-హెచ్‌టీ3ని కొద్దిగా అడ్డుకుంటుంది, 5-హెచ్‌టీ4 అనే ఇంకో సెరటోనిన్ రిసెప్టర్‌ని మాత్రం రెచ్చగొడుతుంది. ఈ చివరి పని వల్ల కడుపు తొందరగా ఖాళీ అవుతుంది. తిన్నది అరగక కడుపు బరువుగా ఉండి వికారమైతే దానికి ఉపయోగం అందుకే. కానీ ఎక్కువకాలం వాడితే మొహం, నాలుక వాటంతటవే కదిలిపోయే టార్డివ్ డిస్కైనీసియా రావచ్చు, మందు ఆపాక కూడా అది పోకపోవచ్చు. 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద గట్టి హెచ్చరిక పెట్టింది. నెలల తరబడి గ్యాస్ బిళ్ళలా మింగేవాళ్ళు ఆ అలవాటు గురించి డాక్టర్‌తో ఒకసారి మాట్లాడండి.

నేను డిప్రెషన్‌కి ఎస్సిటాలోప్రామ్ వాడుతున్నాను. వాంతుల బిళ్ళ వేసుకుంటే సెరటోనిన్ సిండ్రోమ్ వస్తుందని చదివాను, నిజమేనా?

సెరటోనిన్ సిండ్రోమ్ అంటే ఒంట్లో సెరటోనిన్ పని మితిమీరడం. ఒళ్ళు వణకడం, కాళ్ళ కండరాలు అదిరిపడుతూ ఉండడం, చెమటలు, గుండె దడ, విరేచనాలు, స్థిమితం లేకపోవడం, ముదిరితే తీవ్రమైన జ్వరం. సాధారణంగా కొత్త మందు కలిసిన కొన్ని గంటల్లోనే, 24 గంటలలోపు బయటపడుతుంది. ఎక్కువగా వచ్చేది డిప్రెషన్ మందులు రెండు కలిసినప్పుడు, వాటికి ట్రమడాల్ అనే నొప్పి మందు తోడైనప్పుడు, లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్‌తోనో మిథిలీన్ బ్లూ అనే రంగు మందుతోనో కలిసినప్పుడు.

ఓండాన్‌సెట్రాన్ కాగితం మీద కూడా ఈ హెచ్చరిక ఉంది, అది నిజం. కానీ ఆ సిండ్రోమ్‌ని తెచ్చేది ముఖ్యంగా 5-హెచ్‌టీ2ఏ, కొంత 5-హెచ్‌టీ1ఏ అనే వేరే రిసెప్టర్లు. ఓండాన్‌సెట్రాన్ వాటిని రెచ్చగొట్టదు, 5-హెచ్‌టీ3ని మూస్తుంది, అంతే. ఒక తలుపు మూసే మందు సెరటోనిన్ పనిని ఎలా పెంచుతుందని చాలామంది ఫార్మకాలజీ నిపుణులు ఈ హెచ్చరికనే ప్రశ్నించారు. వచ్చిన కేసుల్లో చాలావాటిలో పక్కన వేరే సెరటోనిన్ మందులున్నాయి. నాకు ఆ నిపుణుల మాటే సబబుగా అనిపిస్తుంది.

అలాగని మీ డిప్రెషన్ మందు సంగతి డాక్టరుకి చెప్పకుండా దాచొద్దు. కారణం వేరే: ఎస్సిటాలోప్రామ్, ఓండాన్‌సెట్రాన్ రెండూ గుండె విద్యుత్ లయ మీద ఒకే వైపు పనిచేస్తాయి. భయపడాల్సిందేదైనా ఉంటే అదీ. కింద చూడండి.

గుండెకి ప్రమాదం అంటున్నారు, ఎలా?

ఇది సెరటోనిన్‌తో సంబంధం లేని గొడవ. ఓండాన్‌సెట్రాన్ గుండె కణాల్లోని ఒక పొటాషియం ద్వారాన్ని కూడా కొంత అడ్డుకుంటుంది. దానివల్ల ప్రతి కొట్టుకోవడం తర్వాత గుండె మళ్ళీ సిద్ధం కావడానికి పట్టే సమయం పెరుగుతుంది, ఈసీజీలో దాన్ని క్యూటీ అంటారు. అది మరీ సాగితే ప్రాణాంతకమైన లయ తప్పడం జరగవచ్చు. 2012లో ఎఫ్‌డీఏ 32 మిల్లీగ్రాములు ఒకేసారి నరంలోకి ఇచ్చే పద్ధతిని ఆపించింది, ఒక్కసారికి 16 దాటొద్దంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒక 4 మిల్లీగ్రాముల బిళ్ళ మింగితే టెన్షన్ పడాల్సిన పనిలేదు.

టెన్షన్ పడాల్సింది ఎవరంటే, పుట్టుకతో లాంగ్ క్యూటీ ఉన్నవాళ్ళు, హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళు, ఇదే పని చేసే వేరే మందులు వాడుతున్నవాళ్ళు, పొటాషియం, మెగ్నీషియం పడిపోయినవాళ్ళు. చివరిది గమనించండి. రెండు రోజులుగా వాంతులు విరేచనాలు అవుతున్న మనిషికి పొటాషియం పడిపోయి ఉండవచ్చు, ఆ మనిషికే మన చీటీల మీద ఓఫ్లాక్సాసినో అజిత్రోమైసినో అనే యాంటీబయాటిక్ రాసి పక్కన ఓండాన్‌సెట్రాన్, ఇంకా డోంపెరిడోన్ కలిసిన గ్యాస్ బిళ్ళ రాయడం మామూలే. ఈ మూడు బిళ్ళలూ క్యూటీని సాగదీసేవే. వయసు మళ్ళినవాళ్ళకైతే ఇలాంటి చీటీ చూసినప్పుడు "ఇవన్నీ కలిపి వేసుకోవచ్చా" అని ఒక్క మాట అడగండి, డాక్టరు ఏమీ అనుకోరు. అనుకున్నా ఫర్వాలేదు.

ఎస్ఎస్ఆర్ఐ (ఎస్సిటాలోప్రామ్ లాంటి డిప్రెషన్ మందు) మొదలుపెట్టిన మొదటి వారంలోనే కడుపులో తిప్పుతోంది. ఇదీ సెరటోనినేనా?

అదే. ఆ మందు మెదడులోనే కాదు, పేగులోనూ సెరటోనిన్‌ని ఎక్కువసేపు నిలబెడుతుంది, అది 5-హెచ్‌టీ3ని తట్టుతుంది. ఎక్కువమందికి రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది, తిన్నాక వేసుకుంటే కాస్త నయం. మిర్టాజపైన్ అనే డిప్రెషన్ మందు 5-హెచ్‌టీ3ని తనే అడ్డుకుంటుంది కాబట్టి దానితో వికారం తక్కువ, పైగా ఆకలి పెరుగుతుంది.

బిళ్ళ వేసుకున్నాక రెండు రోజులు మోషన్ రాలేదు, తలనొప్పి కూడా.

రెండూ ఈ మందు తెచ్చే మామూలు ఇబ్బందులే. పేగు ముందుకి కదలడంలో సెరటోనిన్‌కి వాటా ఉంది, దాన్ని అడ్డుకుంటే కదలిక మందగిస్తుంది. నీళ్ళు బాగా తాగండి. ఇదే గుణాన్ని వాడుకుని అలోసెట్రాన్ అనే ఇంకో సెట్రాన్‌ని విరేచనాలు ఎక్కువుండే ఐబీఎస్ అనే పేగు జబ్బుకి తెచ్చారు. కానీ కొందరిలో పెద్దపేగుకి రక్తం అందక ప్రమాదాలు జరగడంతో 2000లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు, 2002లో గట్టి షరతులతో మళ్ళీ అనుమతించారు.

నొప్పికి ట్రమడాల్ ఇచ్చారు, దానికి వాంతులైతే ఎమిసెట్ ఇచ్చారు. ఇప్పుడు నొప్పి తగ్గడం లేదు.

అలా జరగవచ్చు. ట్రమడాల్ నొప్పి తగ్గించే పనిలో కొంత భాగం వెన్నుపాములో సెరటోనిన్ ద్వారా జరుగుతుంది, ఆ దారిలో 5-హెచ్‌టీ3 కూడా ఉంది. ఓండాన్‌సెట్రాన్ అక్కడా అడ్డం పడితే ట్రమడాల్ బలం తగ్గుతుంది. ఆపరేషన్ తర్వాత ఈ రెండూ కలిపి ఇచ్చినవాళ్ళకు ట్రమడాల్ ఎక్కువ కావలసి రావడం పరిశోధనల్లో కనిపించింది. మీ అంతట మీరు ట్రమడాల్ పెంచుకోవద్దు, డాక్టరుకి చెబితే వాంతుల మందో నొప్పి మందో మారుస్తారు.

వేవిళ్ళకి వేసుకోవచ్చా?

మొదటి మూడు నెలల్లో సొంతంగా వద్దు. ముందు వాడేది డాక్సిలమైన్, బి6 విటమిన్ కలిసిన బిళ్ళ, మన దగ్గర డాక్సినేట్ పేరుతో దొరుకుతుంది. మొదటి మూడు నెలల్లో ఓండాన్‌సెట్రాన్ వాడినవాళ్ళ బిడ్డల్లో గ్రహణం మొర్రి, అంగిలి చీలిక ప్రతి 10,000 కాన్పులకు మూడు చొప్పున అదనంగా ఉండవచ్చని యూరప్ మందుల సంస్థ 2019లో చెప్పి, ఆ నెలల్లో వాడొద్దంది. అమెరికా వైద్యులు అంత కఠినంగా లేరు, మిగతావి పనిచేయకపోతే మంచిచెడ్డలు మాట్లాడుకుని ఇస్తారు. మంచినీళ్ళు కూడా నిలవక బరువు తగ్గిపోతున్న తల్లికి ఆ పదివేలకు మూడు అన్న ప్రమాదం కంటే ఒంట్లో నీరింకిపోవడం పెద్ద ప్రమాదం కావచ్చు. తెలియక ముందే ఒకటి రెండు వేసుకున్నవాళ్ళు నిద్ర మానుకోనక్కర్లేదు.

అల్లం, శొంఠి నిజంగా పనిచేస్తాయా, లేక మనవాళ్ళ నమ్మకమేనా?

కొంత నిజముంది. అల్లంలోని జింజెరాల్, శొంఠిలో ఎక్కువగా ఉండే షోగావోల్ ప్రయోగశాలలో 5-హెచ్‌టీ3ని అడ్డుకోవడం చూశారు. అంటే ఎమిసెట్ వెళ్ళే చోటికే అవీ వెళ్తాయన్నమాట, బలం మాత్రం చాలా తక్కువ. వేవిళ్ళలో తేలికపాటి వికారానికి అల్లం ఉపయోగపడుతుందని పరిశోధనలున్నాయి. సిస్‌ప్లాటిన్‌కి అల్లం టీతో ఎదురెళ్తానంటే మాత్రం వద్దండీ.

నాలుక మీద కరిగే బిళ్ళ త్వరగా పనిచేస్తుందా?

నోట్లో కరిగినంత మాత్రాన నోట్లోనే ఒంటికి పట్టదు. ఉమ్ముతో కలిసి లోపలికి వెళ్ళాక పేగు నుంచే రక్తంలో చేరుతుంది, కాబట్టి మామూలు బిళ్ళకీ దానికీ వేగంలో పెద్ద తేడా లేదు. లాభం ఏమిటంటే నీళ్ళు తాగక్కర్లేదు, గుక్కెడు నీళ్ళకే డోకొచ్చేవాళ్ళకి అది చిన్న విషయం కాదు. రేకు మీద బొటనవేలితో నొక్కి తీస్తే బిళ్ళ పొడైపోతుంది, రేకుని వెనక్కి ఒలిచి పొడి చేత్తో తీయాలి.

ఏ వాంతులకి ఈ బిళ్ళ వేసుకుని ఇంట్లో కూర్చోకూడదు?

పొట్ట ఆపరేషన్ తర్వాతవి: పేగు కదలిక ఆగిపోయినా, అడ్డం పడినా బిళ్ళ వాంతిని ఆపేసి అసలు సంగతి కప్పిపెడుతుంది. పొట్ట ఉబ్బి, గ్యాస్ కూడా పోకుండా అయ్యే వాంతులు. ఆకుపచ్చ పసరు లేదా రక్తం కనిపించినవి. తలకి దెబ్బ తగిలాక అయ్యేవి. షుగర్ ఉన్నవాళ్ళకి చెమటలతో, ఆయాసంతో వచ్చే వాంతి, అది గుండెపోటు కావచ్చు, ఛాతీలో నొప్పి లేకపోయినా. ఇవేవీ 5-హెచ్‌టీ3 మూస్తే తీరే సమస్యలు కావు, అంబులెన్స్‌కి 108 చేయండి.

పిల్లాడికి వాంతులు, విరేచనాలు. డాక్టరు ఒక్క డోసే రాశారు, చాలుతుందా?

చాలావరకు చాలుతుంది. కడుపులో ఇన్ఫెక్షన్ వల్ల వాంతులవుతున్న పిల్లలకు ఒక్క డోసు ఇస్తే వాంతులు తగ్గి, ఓఆర్ఎస్ నిలిచి, సెలైన్ ఎక్కించాల్సిన అవసరం తగ్గిందని 2006లో వచ్చిన పెద్ద పరిశోధన చూపించింది. అక్కడ అసలు వైద్యం ఓఆర్ఎస్, బిళ్ళ పని దాన్ని నిలబెట్టడమే. పదే పదే ఇస్తే విరేచనాలు ఎక్కువయ్యే అవకాశం కూడా ఉంది. మందు ఇచ్చిన పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి స్పూనుతో కొద్దికొద్దిగా ఓఆర్ఎస్ పట్టండి, గ్లాసు నోటికి ఎత్తేయొద్దు.

ఇచ్చిన వెంటనే వాంతి చేసుకున్నాడు. మళ్ళీ ఇవ్వాలా?

పావుగంటలోపే వాంతైతే ఇంకోసారి ఇవ్వడం పిల్లల డాక్టర్లు పాటించే పద్ధతి, ఒకసారి ఫోన్ చేసి అడిగి ఇవ్వండి. అంతకంటే ఆలస్యమైతే మందు చాలావరకు కిందికి దిగిపోయే ఉంటుంది, మళ్ళీ వేయక్కర్లేదు. రెండోసారి కూడా నిలవకపోతే, ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోతే, ఏడ్చినా కన్నీళ్ళు రాకపోతే మూడోది వెతకకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.